జాగ్ వీల్ ముందుకు తిప్పితే పాట వెనక్కి దూకుతోంది, మ్యాపింగ్‌లో ఎక్కడ తప్పాను?

ఆదివారం డీజే · శనివారం రాత్రి 11:20

నమస్తే అందరికీ. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. వారమంతా టెస్టింగ్ ఉద్యోగం, శని ఆదివారాల్లో డీజే పిచ్చి. ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ కీబోర్డుతోనే నెట్టుకొచ్చాను. పోయిన వారం ఎస్పీ రోడ్డులో రెండు డెక్కుల డీజే కంట్రోలర్ (రెండు పాటలు పక్కపక్కన నడిపి కలిపే బటన్ల పెట్టె) ఒకటి దొరికింది. పాతదే. అట్టపెట్టె లేదు, సీడీ లేదు, మాన్యువల్ లేదు. కొట్టాయన యూఎస్‌బీ పెట్టి నాలుగు లైట్లు వెలిగించి చూపించాడు, నేను పడిపోయాను.

నాది ఉబుంటు ల్యాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ మిక్స్, అదే, పేరు చివర మూడు ఎక్స్‌లు ఉండే ఉచితంది. దాని లిస్టులో నా మోడల్ లేదు. అదే కంపెనీ ఇంకో మోడల్ మ్యాపింగ్ (ఏ బటన్ ఏం చెయ్యాలో చెప్పే ఫైలు) కనబడితే కాపీ చేసి, పేరు మార్చి పెట్టాను. ప్లే, క్యూ, వాల్యూమ్ ఫేడర్లు పనిచేశాయి. సంతోషం అక్కడితో సరి.

జాగ్ వీల్ (పాటని చేత్తో జరిపే గుండ్రటి చక్రం) కాస్త ముందుకు తిప్పితే పాట వెనక్కి దూకుతోంది. వెనక్కి తిప్పితే ముందుకి. ఉల్టా ఉందేమోలే అని స్క్రిప్టులో ఒక మైనస్ పెట్టాను. దిక్కు సరిపోయింది కానీ వేలు అలా ఆనితే చాలు, పాట ఆమడ దూరం పోతోంది. పిచ్ ఫేడర్ (పాట వేగం మార్చేది) మెట్లు మెట్లుగా కదులుతోంది. బటన్ల కింద లైట్లు ఒక్కటీ వెలగట్లేదు (కొట్టులో వెలిగాయి, ఒట్టు).

ఇంకో మూడు వారాల్లో వైట్‌ఫీల్డ్‌లో మా బావ వాళ్ల అపార్ట్‌మెంట్లో బతుకమ్మ ఉంది. మ్యూజిక్ నేనే చూసుకుంటానని మాటిచ్చేశాను. కాస్త దారి చూపించండి.

ప్లగ్గుపాయింట్ · శనివారం రాత్రి 11:31

కేబుల్ మార్చి చూశావా?

ఆదివారం డీజే · శనివారం రాత్రి 11:38

చూశానన్నా. అదే తంతు.

వైట్‌ఫీల్డ్ వర్చువల్ · ఆదివారం ఉదయం 8:05

ఈ బాధంతా ఎందుకు బ్రో, వర్చువల్ డీజే సాఫ్ట్‌వేర్ పెట్టేసుకో. మ్యాపింగ్ పేజీ తెరిచి కంట్రోలర్ మీద బటన్ నొక్కితే దాని పేరు అదే హైలైట్ అవుతుంది, పక్కన ఏం చెయ్యాలో రాస్తే అయిపోయింది. "ఫలానాది ఆన్‌లో ఉందా?" అని ఒక ప్రశ్నార్థకం, అవునైతే ఈ పని, కోలన్ పెట్టి కాకపోతే ఆ పని. నేను ప్రోగ్రామర్ని కాదు, నాకే వచ్చింది.

జీరో టు 127 · ఆదివారం ఉదయం 9:40

వర్చువల్ డీజే మంచిదే. కానీ ఈ తమ్ముడి సమస్య సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా ముందు ఈ కంట్రోలర్ ఏం మాట్లాడుతోందో తెలియాలి కదా. అది చూడకుండా పక్కింటి మోడల్ మ్యాపింగ్ తొడిగాడు.

తమ్ముడూ, ముందు ఆ మైనస్ తీసెయ్. అది మందు కాదు, నొప్పిని దాచిపెట్టే కట్టు.

కంట్రోలర్‌కి పాటంటే ఏంటో తెలీదు. ప్లే బటన్‌కి తాను ప్లే బటన్ అని కూడా తెలీదు. నొక్కితే మూడు అంకెలు పంపుతుంది, అంతే. మొదటిది ఇది ఏ రకం సందేశమో, ఏ ఛానలో చెబుతుంది. రెండోది ఏ బటనో ఏ నాబో. మూడోది విలువ, 0 నుంచి 127 దాకా. (నా పేరు అక్కడి నుంచి వచ్చిందే.) 1983లో మిడి (సంగీత పరికరాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష) వచ్చినప్పటి నుంచీ ఈ పద్ధతి ఇంతే. హెక్సా లెక్కలో 90తో మొదలైతే మొదటి ఛానల్ మీద నోట్ ఆన్, 80 అయితే నోట్ ఆఫ్, బి0 అయితే కంట్రోల్ చేంజ్. బటన్లు ఎక్కువగా నోట్లు పంపుతాయి, నాబ్‌లూ ఫేడర్లూ కంట్రోల్ చేంజ్ పంపుతాయి. "ఈ మూడంకెలు వస్తే పాట మొదలుపెట్టు" అని చెప్పేదే మ్యాపింగ్. నువ్వు పెట్టింది వేరే పెట్టె పంపే అంకెల జాబితా.

కాబట్టి ముందు వినాలి. ఉబుంటులో మిక్స్ మూసేసి, టెర్మినల్లో ఏసెక్‌డంప్ నడుపు. (విండోస్ వాళ్లు మిడిఆక్స్, మ్యాక్ వాళ్లు మిడి మానిటర్ వాడొచ్చు. విండోస్‌లో కొన్నిసార్లు కంట్రోలర్ ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే దొరుకుతుంది, అందుకని ఇంకేదీ తెరిచి ఉంచకండి.) ఆ తర్వాత ఇవి చేసి, వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టు:

జాగ్‌ని నెమ్మదిగా ముందుకు, తర్వాత వెనక్కి. తర్వాత గట్టిగా ఒక తిప్పు. జాగ్ మీద అరచెయ్యి ఆనించి తీసెయ్. పిచ్ ఫేడర్ కింది నుంచి పైకి. షిఫ్ట్ ఒక్కటే నొక్కి వదులు. షిఫ్ట్ పట్టుకుని ప్లే నొక్కు.

సౌండ్ బాబాయ్ · ఆదివారం ఉదయం 10:15

ఆ అమ్మాయి చెప్పినట్టు చెయ్యి అబ్బాయ్. రోగం కనుక్కోకుండా మాత్రలు మింగకు.

ఆదివారం డీజే · ఆదివారం మధ్యాహ్నం 2:50

బిర్యానీ తిని కూర్చుని అన్నీ రాసుకున్నానక్కా.

జాగ్ ముందుకు: కంట్రోల్ 25, విలువలు 1, 1, 1, 1. వెనక్కి: అదే 25, విలువలు 127, 127, 127. గట్టిగా తిప్పితే 2, 3, 3, 2. వెనక్కి గట్టిగా తిప్పితే 126, 125.

అరచెయ్యి ఆనిస్తే నోట్ 52 విలువ 127. తీసేస్తే అదే నోట్ 52, విలువ 0.

పిచ్ ఫేడర్‌కి విచిత్రంగా రెండు లైన్లు వస్తున్నాయి. కంట్రోల్ 9 నెమ్మదిగా పెరుగుతోంది. కంట్రోల్ 41 మాత్రం 0 నుంచి 127కి వెళ్లి మళ్లీ 0 నుంచి మొదలవుతూ గిర్రున తిరుగుతోంది. ఫేడర్ పాడైందా?

షిఫ్ట్: నోట్ 4. షిఫ్ట్ పట్టుకుని ప్లే నొక్కినా ప్లేకి మామూలుగా వచ్చే నోట్ 11నే వస్తోంది.

జీరో టు 127 · ఆదివారం సాయంత్రం 5:10

ఇంతకంటే మంచి లాగ్ ఇంకొకటి ఉండదు. ఫేడర్ పాడవలేదు, దాని సంగతి తర్వాత.

జాగ్ చూద్దాం. అది వాల్యూమ్ నాబ్‌లా "నేను ఫలానా చోట ఉన్నాను" అని చెప్పదు. దానికి మొదలూ చివరా లేవు కదా. "ఒక అడుగు కదిలాను" అనే చెబుతుంది. వెనక్కి ఒక అడుగుని ఎలా రాయాలి? విలువ 0 కంటే తగ్గదు. దీనికి కంపెనీలు రెండు దారులు పట్టాయి.

ఒక దారి: 64ని మధ్య అనుకోవడం. 65 వస్తే ఒక అడుగు ముందుకు, 63 వస్తే ఒక అడుగు వెనక్కి. సాఫ్ట్‌వేర్ వచ్చిన విలువలోంచి 64 తీసేస్తే చాలు.

ఇంకో దారి: 0ని మధ్య అనుకోవడం. 1 అంటే ముందుకు ఒకటి. వెనక్కి ఒకటి అంటే 0 నుంచి చుట్టూ తిరిగి 127. ఇక్కడ విలువ 64 కంటే తక్కువైతే అలాగే ఉంచాలి, లేకపోతే 128 తీసెయ్యాలి.

నీది రెండో రకం. నువ్వు కాపీ చేసిన మ్యాపింగ్ మొదటి రకానికి రాసింది. ఇప్పుడు లెక్క చూడు. నువ్వు ముందుకు ఒక్క అడుగు తిప్పితే 1 వచ్చింది. అది 64 తీసేసింది. మైనస్ 63. అంటే వెనక్కి 63 అడుగులు! వెనక్కి తిప్పితే 127 లోంచి 64 పోతే 63 అడుగులు ముందుకు. నువ్వు మైనస్ పెట్టగానే దిక్కు కుదిరింది, 63 రెట్లు మాత్రం అలాగే మిగిలింది. వేలు ఆనితే ఆమడ దూరం పోవడం అందుకే. ఇంకో తమాషా, గట్టిగా తిప్పినప్పుడు 3 వస్తే మైనస్ 61. అంటే గట్టిగా తిప్పితే అడుగు చిన్నదవుతోంది. ఇలాంటిది ఎప్పుడు కనబడినా దిక్కు మార్చడం కాదు, లెక్క మార్చాలి.

స్క్రిప్టు ఫైలు తెరిచి, 64 తీసేసే ఆ ఒక్క లైను మార్చు. సేవ్ చేస్తే మిక్స్ దానంతటదే మళ్లీ చదువుకుంటుంది, మూసి తెరవక్కర్లేదు.

ఆదివారం డీజే · ఆదివారం సాయంత్రం 6:02

అక్కా!!! ఒక్క లైను. పాట నా వేలి కింద ఉంది ఇప్పుడు. రూమ్మేట్ ఏమైందని అడిగాడు, అంత గట్టిగా అరిచాను.

కానీ స్క్రాచ్ (పాటని రికార్డులా చేత్తో ముందుకీ వెనక్కీ లాగడం) చేస్తుంటే అసలు రికార్డు తిప్పినట్టు లేదు. నేను ఒక చుట్టు తిప్పితే పాట రెండు చుట్లు తిరిగినట్టుంది.

జీరో టు 127 · ఆదివారం సాయంత్రం 6:30

స్క్రాచ్ ఎనేబుల్ అనే ఫంక్షన్‌కి ఒక చుట్టుకి ఎన్ని అడుగులో చెప్పాలి. అక్కడ పాత మోడల్ అంకె ఉండి ఉంటుంది. జాగ్ అంచున ఒక చోట బొట్టుబిళ్ల అంటించు. నెమ్మదిగా సరిగ్గా అయిదు చుట్లు తిప్పి ఎన్ని సందేశాలు వచ్చాయో లెక్కపెట్టి అయిదుతో భాగించు. ఒక్క చుట్టే కొలిస్తే తప్పు పడుతుంది.

తర్వాతి అంకె రికార్డు వేగం, 33 ఒకటి బై మూడు. ఆ తర్వాత ఆల్ఫా, బీటా అని రెండుంటాయి. ఆల్ఫా 1/8, బీటా దాన్ని 32తో భాగించి మొదలుపెట్టు. అవి చేతి కదలికని ఎంత నునుపుగా తీసుకోవాలో చెప్పేవి. అడుగుల లెక్క సరిగ్గా ఉంటే వాటి జోలికి పెద్దగా వెళ్లక్కర్లేదు.

ఇంకొకటి చూసుకో. నీ జాగ్ చెయ్యి తీసేసినప్పుడు నోట్ ఆఫ్ పంపట్లేదు, విలువ 0తో నోట్ ఆన్ పంపుతోంది. మిడిలో రెండిటికీ అర్థం ఒకటే. కానీ కాపీ చేసిన మ్యాపింగ్ 80 కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే చెయ్యి తీసిన సంగతి దానికి తెలీదు, పాట స్క్రాచ్‌లోనే ఇరుక్కుంటుంది.

ఆదివారం డీజే · ఆదివారం రాత్రి 8:44

అయిదు చుట్లకి 1281 వచ్చాయి. అంటే చుట్టుకి 256. స్క్రిప్టులో 128 ఉంది! మార్చాను. చెయ్యి తీసినా స్క్రాచ్‌లోనే ఉండిపోవడం కూడా నిజమే, నేను లోపం జాగ్‌దేమో అనుకున్నాను. బొట్టుబిళ్ల కోసం పీజీ ఆంటీని అడిగితే "ఎవర్రా అమ్మాయి" అని నవ్వింది.

తీన్మార్ తమ్ముడు · ఆదివారం రాత్రి 9:15

మస్తుంది థ్రెడ్. అక్కా ఆ పిచ్ ఫేడర్ ముచ్చట చెప్పు, నాది గట్లనే మెట్లు మెట్లుగ పోతది. కేఆర్ పురంల గణేశ్ నిమజ్జనానికి రెండు పాటలు కలుపుతుంటే ఎంత సర్దినా జారుతనే ఉండె.

జీరో టు 127 · ఆదివారం రాత్రి 10:20

పిచ్‌కి 128 విలువలే ఉంటే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఫేడర్ పరిధి ప్లస్ మైనస్ 8 శాతం అనుకుందాం. మొత్తం 16 శాతాన్ని 127 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు 0.126 శాతం. నీకు కావాల్సిన వేగం రెండు మెట్ల నట్టనడుమ ఉంటే సగం మెట్టు తేడా మిగులుతుంది. నిమిషంలో అది 38 మిల్లీసెకన్ల జారుడు. రెండు నిమిషాలకి డప్పు మీద డప్పు పడక గుర్రం పరిగెట్టినట్టు వినబడుతుంది. కొంతమంది పరిధిని 50 శాతానికి పెంచి పెట్టుకుంటారు. అప్పుడు ఒక్కో మెట్టు దాదాపు 0.8 శాతం, 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్ల) పాటకి దాదాపు ఒక బీపీఎం. ఇక దాన్ని చేత్తో కలపడం అయ్యే పని కాదు. తీన్మార్ తమ్ముడూ, నీ పరిధి ఎంతుందో చూసుకో ముందు.

ఇక రెండు లైన్ల సంగతి. ఏడు బిట్లు (అంటే 0 నుంచి 127) చాలవని మిడిలో కంట్రోల్ 0 నుంచి 31 వరకు ఉన్నవాటికి 32 కలిపితే వచ్చేవాటిని జోడీగా పెట్టారు. 9కి జోడీ 41. గంటల ముల్లు 9, నిమిషాల ముల్లు 41. గడియారంలో లాగే 41 ఒక చుట్టు తిరిగితే 9 ఒక మెట్టు కదులుతుంది. రెండూ కలిస్తే 128 ఇంటూ 128, అంటే 16,384 మెట్లు. ఈ తమ్ముడి మ్యాపింగ్‌లో 9 ఒక్కటే కట్టి ఉంది, 41ని ఎవరూ పట్టించుకోవట్లేదు. మ్యాపింగ్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో 9కి పద్నాలుగు బిట్ల పెద్దది అనీ, 41కి పద్నాలుగు బిట్ల చిన్నది అనీ ఆప్షన్ పెట్టి, రెండిటినీ ఒకే రేట్ కంట్రోల్‌కి కట్టాలి.

ఒకే లైను వచ్చే కంట్రోలర్ అయితే మ్యాపింగ్‌తో ఏ మాయా చెయ్యలేం. పరిధి తగ్గించుకుని, మిగిలిన తేడాని జాగ్‌తో నెట్టుకోవడమే.

తీన్మార్ తమ్ముడు · ఆదివారం రాత్రి 10:31

50 ఉండె 😭

ప్లగ్గుపాయింట్ · సోమవారం ఉదయం 7:50

సందట్లో సడేమియా, నాదీ ఒకటి. హెడ్‌ఫోన్‌లో ప్రివ్యూ రావట్లేదు. హెడ్‌ఫోన్ బటన్ మ్యాప్ చేశాను, తెర మీద వెలుగుతోంది కూడా.

జీరో టు 127 · సోమవారం ఉదయం 11:05

ఆదివారం కాదు కదా, ఆఫీసులో ఉన్నాను.

తెర మీద వెలిగితే మ్యాపింగ్ బాగున్నట్టే. సౌండ్ సెట్టింగుల్లో మెయిన్‌ని 1-2 ఛానళ్లకి, హెడ్‌ఫోన్‌ని 3-4కి పెట్టు. మిడి వేరు, సౌండ్ కార్డు వేరు, ఒకే డబ్బాలో కాపురం ఉంటాయంతే.

ఆదివారం డీజే · మంగళవారం రాత్రి 11:52

పిచ్ నూనె రాసినట్టు కదులుతోంది. ఇక లైట్లు. ప్లే నొక్కితే నోట్ 11 వస్తోంది కదా, 11 మీద 127 పంపితే లైటు వెలగాలి అనుకున్నా. ఏమీ లేదు.

జీరో టు 127 · బుధవారం ఉదయం 6:45

బటన్ పంపే అంకే లైటుకి కూడా ఉంటుందని రూలేమీ లేదు, చాలా వాటికి ఉంటుందంతే. ఇనిట్ ఫంక్షన్‌లో (స్క్రిప్టు మొదలవగానే నడిచేది) ఒక టైమర్ పెట్టి, అర సెకనుకి ఒకటి చొప్పున 0 నుంచి 127 వరకు ప్రతి నోట్‌కీ 127 పంపు. గదిలో లైటు ఆర్పేసి కాగితం పెన్ను పట్టుకుని కూర్చో. ఏ అంకెకి ఏది వెలిగిందో రాసుకో. దీపావళి చూసినట్టుంటుంది.

దొరికాక, ప్లే లైటుని ప్లే మీద కాకుండా ప్లే ఇండికేటర్ మీద కట్టు, క్యూ లైటుని క్యూ ఇండికేటర్ మీద. అప్పుడు మిక్స్ తనే సమయానికి మినుకుమనిపిస్తుంది. షట్‌డౌన్ ఫంక్షన్‌లో అన్నిటికీ 0 పంపి ఆర్పెయ్.

ఆదివారం డీజే · బుధవారం రాత్రి 10:58

ప్లే బటన్ 11, దాని లైటు 27! క్యూ బటన్ 12, లైటు 28. అన్నీ 16 తేడా. హాట్ క్యూ (పాటలో గుర్తుపెట్టిన చోటికి దూకించే) ప్యాడ్లకి మాత్రం బటనూ లైటూ ఒకే అంకె. రాసిన వాడు మధ్యలో ఉద్యోగం మారాడేమో.

సౌండ్ బాబాయ్ · గురువారం మధ్యాహ్నం 1:20

లైట్లు వెలిగాయి, బాగుంది. ఇక నా గోల కాస్త వినండి.

బటన్లన్నీ పనిచేస్తున్నాయి కదా అని కుర్రాళ్లు ప్రతి బటన్ మీదా మూడేసి పనులు పెడుతున్నారు. షిఫ్ట్‌తో ఒకటి, రెండుసార్లు నొక్కితే ఒకటి, పట్టుకుంటే ఒకటి. ఇంట్లో గుర్తుంటాయి. పందిట్లో, పొగ మిషను ముఖాన కొడుతుంటే, పెళ్లికొడుకు మేనమామ వచ్చి చెవిలో "ఆ పాట వెయ్యి" అని అరుస్తుంటే గుర్తుండవు.

నేను క్యాసెట్ల నుంచి వచ్చినవాణ్ణి. మొదటి కంట్రోలర్ కొన్నప్పుడు నేనూ ఇలాగే ఎగిరాను. హాట్ క్యూ పక్క ప్యాడ్ మీద "ఎంచుకున్న పాట ఎక్కించు" అని పెట్టుకున్నాను. హోసూర్ రోడ్డులో ఒక పెళ్లి. బారాత్ గుమ్మం ముందుకి వచ్చింది, అందరూ చేతులెత్తి ఎగురుతున్నారు. హాట్ క్యూ కొడదామని ఒక్క వేలెడు పక్కకి నొక్కాను. ఆడుతున్న డెక్ మీద కొత్త పాట ఎక్కి కూర్చుంది. నిశ్శబ్దం. బ్యాండ్ మేళం వాళ్లు నా మొహం చూశారు చూడండి, ఈ రోజుకీ గుర్తే.

అందుకని నా పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకోండి. పాటని ఆపే పనీ మార్చే పనీ ఏదైనా సరే షిఫ్ట్ లేకుండా ఉండకూడదు. ఆడుతున్న డెక్ మీద కొత్త పాట ఎక్కకుండా అడ్డుకునే సెట్టింగు ఉంటుంది, అది పెట్టుకోండి. కుడి డెక్ మీద ఏది ఎక్కడ ఉందో ఎడమ డెక్ మీద అచ్చం అక్కడే ఉండాలి. నెలకోసారి కూడా వాడని బటన్‌కి ఏ పనీ ఇవ్వకండి, ఖాళీగా ఉండనివ్వండి. ఖాళీ బటన్ తగిలితే ఏమీ కాదు.

వైట్‌ఫీల్డ్ వర్చువల్ · గురువారం మధ్యాహ్నం 2:02

బాబాయ్, ఖాళీగా ఉంచడానికి అన్ని బటన్లున్నది ఎందుకు కొనాలి 🙂 నా దానికి నాలుగు పొరలున్నాయి, ఇప్పటిదాకా ఒక్కసారి తప్పలేదు.

సౌండ్ బాబాయ్ · గురువారం మధ్యాహ్నం 2:10

ఇంకా మేనమామ తగల్లేదు నీకు.

ఆదివారం డీజే · శుక్రవారం రాత్రి 9:30

షిఫ్ట్ దగ్గర ఇరుక్కున్నాను. షిఫ్ట్ పట్టుకుని ప్యాడ్ నొక్కితే లూప్ రోల్ (నొక్కి ఉంచినంతసేపు చిన్న ముక్కనే మళ్లీ మళ్లీ వాయించేది) వచ్చేలా రాశాను. వస్తోంది. అప్పుడప్పుడు మాత్రం ప్యాడ్ వదిలాక కూడా రోల్ ఆగట్లేదు, అలా టకటకటక కొట్టుకుంటూనే ఉంది. పదిసార్లలో రెండుసార్లు.

జీరో టు 127 · శుక్రవారం రాత్రి 10:15

ఆ రెండుసార్లు నువ్వు ప్యాడ్ కంటే ముందు షిఫ్ట్ వదిలావు. పందెం.

కొన్ని కంట్రోలర్లు షిఫ్ట్ పట్టుకుంటే తామే వేరే నోటో వేరే ఛానలో పంపుతాయి. నీది పంపదు, లాగ్‌లో చూశాం కదా, ప్లేకి రెండుసార్లూ 11నే. కాబట్టి షిఫ్ట్ నొక్కి ఉందా లేదా అన్నది నీ స్క్రిప్టే గుర్తుపెట్టుకుంటోంది. ప్యాడ్ నొక్కినప్పుడు షిఫ్ట్ ఉంది, రోల్ మొదలైంది. వదిలేటప్పటికి షిఫ్ట్ లేదు, నీ కోడ్ "హాట్ క్యూ వదిలారు" అనుకుంది. రోల్‌ని ఆపమని ఎవరూ చెప్పలేదు. ప్యాడ్ వదిలినప్పుడు షిఫ్ట్ సంగతి అడగకు. ఆ ప్యాడ్ చివరిసారి ఏ పని మొదలుపెట్టిందో ఒక వేరియబుల్లో దాచుకుని, దాన్నే ఆపు.

ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకీ ఇదే వస్తుంది. అందులో షిఫ్ట్‌కి బదులు ఎమ్1 నుంచి ఎమ్8 దాకా మాడిఫయర్లు ఉంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 7 విలువలు. పొర మారాక వదిలితే ఇరుక్కోవడం అక్కడా మామూలే.

ఆదివారం డీజే · శుక్రవారం రాత్రి 10:40

పందెం మీరే గెలిచారక్కా. కావాలని ముందు షిఫ్ట్ వదిలి చూశాను, పదికి పదిసార్లూ ఇరుక్కుంది.

తీన్మార్ తమ్ముడు · శనివారం ఉదయం 10:00

బతుకమ్మకైతే ఒక ముచ్చట యాదికి పెట్టుకో అన్నా. మన దరువు ఆరు మాత్రల లెక్క. సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఆ మాత్రలనే బీట్లనుకుంటది. నువ్వు అలవాటుగ నాలుగు బీట్ల లూప్ కొడితే దరువు నడుమల తెగుతది, ఆడోళ్ల చప్పట్లు ఒక దిక్కు, పాట ఒక దిక్కు. లూప్ సైజు 3గానీ 6గానీ ఉండాలె. మిక్స్‌ల లూప్ సైజుకు ఏ అంకైనా ఇయ్యొచ్చు. నేను రెండు ప్యాడ్లకు స్క్రిప్టు రాసుకున్న, ఒకటి సైజు 3 పెట్టి లూప్ ఆన్ చేస్తది, ఇంకోటి 6.

ఇంకోటి. బీపీఎం కూడ తప్పు చూపిస్తది, అసలుకు ఒకటిన్నర రెట్లో మూడింట రెండొంతులో. సింక్ (రెండు పాటల వేగం దానంతటదే కలిపే బటన్) కొడితే పాట ఉరుకుతది. బీపీఎం మెనూల 2/3, 3/2 అని ఉంటయి, ఇంట్లనే కూసొని ఒక్కో పాటకు సరిచేసి పెట్టుకో. పాత పాటలకైతే సింక్ జోలికే పోకు. మనుషులు వాయించినయి, చరణానికొక తీరుగ ఉంటది వేగం.

సౌండ్ బాబాయ్ · శనివారం ఉదయం 10:22

శభాష్. ఇది ఏ మాన్యువల్లోనూ ఉండదు.

ఆదివారం డీజే · శనివారం రాత్రి 11:15

ఆ రెండు ప్యాడ్లూ పెట్టేశాను అన్నా, ఇక వేరేవి పెట్టను. బాబాయ్ చెప్పినట్టు మూడు బటన్లు ఖాళీగా వదిలేశాను. ఖాళీగా ఉన్నవాటి మీద తెల్ల టేపు అంటించాను.

ఆఖరిది. సింక్ నొక్కాక పిచ్ ఫేడర్ ముట్టుకుంటే పాట ఒక్కసారిగా వేగం మారిపోతోంది.

జీరో టు 127 · ఆదివారం ఉదయం 9:12

సింక్ తెర మీది వేగాన్ని మార్చింది, నీ ఫేడర్ మాత్రం పాత చోటే ఉంది. దానికి మోటారు లేదు కదా. ముట్టుకోగానే "నేను ఇక్కడున్నా" అంటుంది, పాట అక్కడికి దూకుతుంది. సాఫ్ట్ టేకోవర్ ఆన్ చెయ్. ఫేడర్‌ని తెర మీది వేగం ఉన్న చోటిదాకా తెచ్చేవరకు మిక్స్ దాని మాట వినదు, అక్కడికి రాగానే పట్టుకుంటుంది. వాల్యూమ్ ఫేడర్లకి కూడా పెట్టుకో.

పోగ్రాం రోజు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పవర్ సేవింగ్ ఆపేసి వెళ్లు. మధ్యలో కేబుల్ ఊడితే మిక్స్‌ని మూసి తెరవాల్సి రావచ్చు. కేబుల్‌ని టేబుల్ కాలికి టేపుతో కట్టెయ్.

సౌండ్ బాబాయ్ · ఆదివారం ఉదయం 9:30

పదింటికల్లా ఆపెయ్యి కూడా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు పోలీసుల కంటే ముందు వస్తుంది.

ఆదివారం డీజే · రెండు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 11:40

నిన్న అయిపోయింది!

ఏడింటికి మొదలైంది. మొదట గంటసేపు ఆడవాళ్లే పాడారు, నేను మైకు చూసుకున్నానంతే. తర్వాత దరువు పాటలు. 3 బీట్ల ప్యాడ్ కొట్టి పట్టుకున్నాను, పైనుంచి ఇంకో పాట తెచ్చాను, చప్పట్లు ఎక్కడా తప్పలేదు. మా బావ వచ్చి "ఏం చేస్తున్నావో అర్థం కావట్లేదు గానీ బానే చేస్తున్నావురా" అన్నాడు. ఆయన లెవెల్‌కి అది పద్మశ్రీ.

ఒకసారి తప్పు జరిగింది. ఒక పిల్లాడు టేబుల్ కిందికి దూరి వచ్చి వెలిగే ప్యాడ్ మీద అరచెయ్యి వేశాడు. మూడు ప్యాడ్లు ఒకేసారి. ఒకటి హాట్ క్యూ, పాట పల్లవికి వెళ్లింది. మిగతా రెండూ తెల్ల టేపువి. ఏమీ కాలేదు. పల్లవి మళ్లీ వచ్చేసరికి జనం ఇంకా గట్టిగా అరిచారు, అది నా ప్లాన్ అనుకున్నారు. బాబాయ్, ఆ టేపు మీద మీ పేరు రాసుకుంటా.

9:50కి ఆపేశాను.

ఈ మోడల్ ఇంకెవరి దగ్గరైనా ఉంటే పనికొస్తుందని నా మ్యాపింగ్ జిప్ చేసి అటాచ్ చేస్తున్నాను. హోమ్ ఫోల్డర్లో మిక్స్ ఫోల్డర్ కింద కంట్రోలర్స్ అని ఉంటుంది (చుక్కతో మొదలయ్యే ఫోల్డర్, దాచి ఉంటుంది), అందులో వేసి ప్రిఫరెన్సెస్‌లో ఎంచుకోండి.

తీన్మార్ తమ్ముడు · ఆదివారం మధ్యాహ్నం 12:05

దుమ్ము లేపినవ్ అన్నా 🔥

జీరో టు 127 · ఆదివారం మధ్యాహ్నం 12:30

చాలా సంతోషం తమ్ముడూ. జిప్ తెరిచాను. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఒక్కటే ఉంది. జాగ్ లెక్కలున్న జావాస్క్రిప్టు ఫైలు పెట్టలేదు. ఇది వేసుకున్న వాళ్లకి ప్లే పనిచేస్తుంది, జాగ్ కదలదు, వాళ్లొచ్చి ఇక్కడ కొత్త థ్రెడ్ మొదలుపెడతారు.

ఆదివారం డీజే · ఆదివారం మధ్యాహ్నం 12:34

అయ్యో. రెండూ పెట్టాను, ఇప్పుడు చూడండక్కా.